కర్ర విసిరేసే చోటు

ఆ వేసవి సముద్రం అడుగున స్పాంజి కుళ్ళిపోయింది. ఊరంతా నెత్తిన చేతులు పెట్టుకుంది. నేను మాత్రం లోపల్లోపల సంబరపడ్డాను. ఆ మాట పైకి అంటే రేవులో ఆడవాళ్ళు నన్ను బతకనిచ్చేవారు కాదు కాబట్టి, నలుగురితో పాటు నేనూ "అయ్యో, ఏం రోగమో ఏమో" అంటూ తిరిగాను.

మా కాలిమ్నోస్ దీవిలో మగవాళ్ళకి స్పాంజి తప్ప మరో పని చేతకాదు. ఈస్టరు వెళ్ళగానే పడవలు ఆఫ్రికా తీరానికి పోతాయి. మగవాళ్ళు నోట్లో గాలి గొట్టం పెట్టుకుని నలభై బారల లోతుకి దిగి, బండల మీద పెరిగిన స్పాంజిని కోసుకొస్తారు. చలి మొదలయ్యేసరికి పడవలు తిరిగొస్తాయి. వాటిలోంచి కొందరు నడిచి దిగుతారు, కొందర్ని మోసుకుని దింపుతారు. లోతులోంచి తొందరగా పైకొస్తే రక్తంలో గాలి బుడగలు కట్టి కాళ్ళు పడిపోతాయి. దాన్ని మేం 'పట్టింది' అంటాం. ఏం పట్టిందని ఎవరూ అడగరు.

మా నాన్న మికేస్‌ని నా చిన్నప్పుడే పట్టింది. ఎడమకాలు కట్టెలా అయిపోయింది, కుడికాలు నిలబడీ నిలబడకుండా వణుకుతూ మిగిలింది. ఆయన కర్ర చప్పుడు వింటూ పెరిగాను. పెరిగి, బుద్ధి లేకుండా, మళ్ళీ మునకలేసేవాణ్ణే చేసుకున్నాను.

మా దగ్గర ఇల్లు పెద్దకూతురిది. పెళ్ళయ్యాక మగాడే పెళ్ళాం ఇంటికి కాపురానికొస్తాడు. కన్నవాళ్ళు పక్కనున్న చిన్న గదిలోకి సర్దుకుంటారు. అమ్మ పోయాక ఆ గదిలో నాన్న ఒక్కడే మిగిలాడు. మా ఆయన నొమికోస్ అలా నా గడప తొక్కినవాడే. పెద్ద అందగాడేం కాదు, చెవులు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. కానీ పెళ్ళిళ్ళలో ఫిడేలు మొదలైతే అందరూ అతన్నే ముందు నిలబెట్టేవారు. అతను ఎగిరితే ముసలమ్మలు కూడా మెడలు సాచి చూసేవారు. ఏటా ఈస్టరు నుంచి చలికాలం దాకా నా ప్రాణాలు అతని మోకాళ్ళలో ఉండేవి. కాళ్ళ మీద వెళ్ళినవాడు కాళ్ళ మీదే రావాలి. నేను కొండ మీది మఠానికెళ్ళి వెలిగించిన ప్రతి కొవ్వొత్తీ ఆ ఒక్క కోరికకే.

ఆ ఏడు పడవలు కదల్లేదు. అడుగున స్పాంజి ముట్టుకుంటే జావలా జారిపోతోందని ముందుగా వెళ్ళిన ఒకటీ అరా పడవలు వార్త తెచ్చాయి. నొమికోస్ వసారాలో కూర్చుని కాళ్ళూపుకుంటుంటే నేను ఆ కాళ్ళనే చూస్తూ బీన్స్ ఈనెలు తీసుకున్నాను. పెళ్ళయ్యాక వేసవిలో మొగుడు ఇంట్లో ఉండటం అదే మొదలు.

ఒక సాయంత్రం స్తమాతిస్ వచ్చాడు. మా పెళ్ళిలో మా తలల మీద పూల కిరీటాలు మార్చినవాడు కాబట్టి ఇంట్లో మనిషి కిందే లెక్క. ఒకప్పుడు కూరగాయలు మోసిన పడవకి తెల్లరంగు వేయించి, నీలం గుడ్డ నీడ కట్టించి, పక్కనున్న కోస్ దీవి నుంచి విదేశీ యాత్రికుల్ని పొద్దున తెచ్చి సాయంత్రం తీసుకుపోవడం మొదలుపెట్టాడు. రేవులో పెద్ద బోర్డు కూడా నిలబెట్టాడు. మా దీవిలో చూడవలసినవి, చేయవలసినవి అని మూడు భాషల్లో రాయించాడు. కొండ మీది మఠం, గుహ, వేడినీటి ఊట, స్పాంజి కడిగే కొట్టాలు, ఈతకి ఇసుక తీరం. పుట్టి పెరిగిన నేనే ఆ గుహ చూళ్ళేదు.

"బోర్డులో అడుగున రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి నొమికోస్," అన్నాడు స్తమాతిస్. "వాటికి నువ్వు కావాలి."

"నన్నేం చేస్తావ్, గుహలో కూర్చోబెడతావా?"

"సముద్రంలో దింపుతా. వాళ్ళ కళ్ళముందు దిగుతావు, స్పాంజి పట్టుకుని తేలతావు. ఆడవాళ్ళు కెవ్వున అరుస్తారు, ఫోటోలు తీసుకుంటారు. అంతే పని."

గదిలోంచి నాన్న కేకేశాడు. "ఒరే స్తమాతిస్, స్పాంజి కుళ్ళిపోయి ఊరు ఏడుస్తుంటే నువ్వేం తేలుస్తావురా, నీ తలకాయా?"

"మనమే పెట్టి మనమే తీద్దాం బాబాయ్. కొట్టాల్లో దూరదేశం సరుకు మూటలు దిగాయిగా. ఒకటి తీసుకెళ్ళి రాయి కింద దాస్తే, మనవాడు వెళ్ళి వెతికినట్టు వెతికి పట్టుకొస్తాడు."

నొమికోస్ పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"ఎంత లోతు?" అన్నాను.

"పదిహేను బారలు చెల్లెమ్మా. ఒట్టు."

నాన్న గుమ్మం దాకా వచ్చి కర్ర మీద వాలి నిలబడ్డాడు. "పదిహేనా! అదీ ఒక మునకేనా? మా అమ్మ బట్టలుతికే లోతు అది. వెళ్ళనీ లీనా, పిల్లాడి ఈత." నలభై బారల్లో కాళ్ళు పోగొట్టుకున్న మనిషి ఆ మాట అన్నాక నాకు అనుమానమెందుకు? నా గుండెల మీద బరువు దిగిపోయింది.

ఆ రోజుల్లో మా మునకలకి ఒక పద్ధతి ఉండేది. లోతునుంచి పైకొచ్చినవాణ్ణి పడవ మీద ఓ మూల కూర్చోబెట్టి సిగరెట్ వెలిగించి ఇస్తారు. అది పూర్తిగా కాలేదాకా అతనితో ఎవరూ మాట్లాడరు, ఏ పనీ చెప్పరు, అతను లేవడు. సిగరెట్ రుచి తెలిస్తే బాగున్నట్టు. రుచి తెలియకపోయినా, వేళ్ళ మధ్య నుంచి జారిపోయినా మళ్ళీ నీళ్ళలోకి దించేవారు. మా నాన్నకి జారిపోయింది. కానీ ఇదంతా ఆఫ్రికా లోతుల సంగతి. యాత్రికుల పడవ మీద, అందులోనూ పదిహేను బారలకి, సిగరెట్ కోసం మూల కూర్చుంటే నలుగురూ నవ్వుతారు. అంతెందుకు, మా నాన్నే నవ్వేవాడు.

అలా బోర్డులో ఒక గీత నిండింది. 'సముద్రం అడుగుకి దిగే మనిషి, మీ కళ్ళెదుట.'

నా వంటింటికీ కొత్త పని పడింది. సముద్రంలోంచి అప్పుడే తీసిన స్పాంజి నల్లగా, జిగటగా ఉంటుంది. తొక్కితే పాలలాంటి నీరు కారుతుంది. కొట్టాల్లో ఉన్నదేమో కడిగి ఆరబెట్టిన పసుపుపచ్చని సరుకు. దాన్ని తీసుకెళ్ళి చూపిస్తే ఎంత అమాయకులైనా నమ్మరు. అందుకని సిరా చేపల కడుపులు కోసి ఆ నల్ల సిరాలో స్పాంజిని ముంచి, మేకపాలు పోసి, గంజి పట్టించి, ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇచ్చేదాన్ని. నొమికోస్ అడుగుకెళ్ళి సంచి విప్పి, పైకి తేలేటప్పుడు రెండు చేతులతో ఎత్తి చూపేవాడు. పిండితే పాలు కారేవి.

"మా ఆవిడకి బజ్జీలు వేయడం రాకపోయినా స్పాంజి బాగా వండుతుంది," అని పడవ మీద మావాళ్ళతో అనేవాడట.

"ఒకరోజు అదే పెడతా తిను," అన్నాను ఆ సంగతి తెలిసి. ఇల్లంతా చేపల కంపు, చేతులకి పోని నలుపు. అయినా ఆ వేసవంతా నేను పాడుకుంటూనే పని చేసుకున్నాను. పొద్దున వెళ్ళిన మనిషి సాయంత్రానికి ఇంటికొస్తున్నాడు, తన కాళ్ళ మీద తను నడిచి. అంతకన్నా నాకేం కావాలి?

రెండో గీత దగ్గర చిక్కొచ్చింది. నాలుగింటికి, పడవ తిరిగి వెళ్ళేముందు, రేవులో ఫిడేలుతో ఆట పెట్టాలన్నాడు స్తమాతిస్. మామూలు ఆట అన్ని దీవుల్లోనూ ఉంటుందట. మాకే సొంతమైనది ఒకటుంది కదా, అది కావాలట.

ఆ ఆట పేరు మిహానికోస్. మగవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి వరసగా ఆడతారు. ముందున్నవాడు పట్టినవాడి వేషం. చేతిలో కర్ర, కాలు వణుకుతుంది, ఎగరబోతాడు, ఎగరలేడు, పడబోతాడు, పక్కవాడు పట్టుకుంటాడు. చివరికి ఫిడేలు వేగం పెంచిన చోట కర్ర విసిరేసి, ఏమీ కానివాడిలా ఎగిరెగిరి ఆడతాడు. చూసేవాళ్ళు అక్కడ ఏడుస్తారు. ఇంట్లో నిజంగా పట్టినవాడుంటే ఆ ఇంటి మగాడు మాత్రం ముందు నిలబడడు. ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా నిలబడరంతే.

నొమికోస్ ఒప్పుకోలేదు. స్తమాతిస్ వారం రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. ఇంకెవరికి కాళ్ళలో ఆ ఆట ఉంది, నువ్వు కాకపోతే బోర్డు మీద సున్నం కొట్టేస్తా అన్నాడు. ఆఖరికి ఒక మధ్యాహ్నం నేను దండెం దగ్గర బట్టలు తీస్తుంటే, నాన్న కర్ర పొడుచుకుంటూ పెరట్లో నడుస్తున్నాడు. ఆయన వెనకాలే, చప్పుడు కాకుండా, నొమికోస్ అదే నడక నడుస్తున్నాడు. భుజం అలాగే వాల్చి, కాలు అలాగే ఈడుస్తూ. నా చేతిలో దుప్పటి కిందపడింది.

నాన్న ఆగాడు. వెనక్కి తిరగలేదు. ఎంతసేపటి నుంచి తెలుసో ఏమో.

"తప్పు కాలు," అన్నాడు.

నొమికోస్ నిలువునా బిగుసుకుపోయాడు. "మావా, నేను... నీ మీద ఒట్టు, వెక్కిరించడానికి కాదు..."

"నువ్వు ఎడమకాలు వణికిస్తున్నావు. చచ్చిన కాలు వణకదు అల్లుడూ. బతికున్నదే వణుకుతుంది, దాని మీదే కదా మోతంతా. చెయ్యి ఇలా తే." నాన్న అతని చెయ్యి పట్టుకుని తన కుడిమోకాలి మీద పెట్టుకున్నాడు. "చూశావా? లోపల్నుంచి వస్తుంది. పైన పైన కాదు. చేస్తే సరిగ్గా చెయ్యి, లేకపోతే మానెయ్యి. చూసినవాళ్ళు నన్ను చూసి నవ్వినట్టుండకూడదు."

ఆ మధ్యాహ్నమంతా నాన్న తన కుంటి నడక తన అల్లుడికి నేర్పాడు. ఒకచోట ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. నేను లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. ఏడుపొచ్చింది, ఎందుకో అప్పుడు తెలియలేదు.

నాలుగింటి ఆట మొదలయ్యాక నాన్న కాఫీకొట్టు ముందు తన కుర్చీని సముద్రం వైపు తిప్పుకుని, ఆటకి వీపు పెట్టి కూర్చునేవాడు. జపమాల పూసలు తిప్పుకుంటూ అయిపోయేదాకా కదిలేవాడు కాదు. ఎవరైనా "అల్లుడు అదరగొడుతున్నాడు మికేస్, చూడవేం?" అంటే "నాకు తెలిసిందే కదరా" అనేవాడు.

ఎండలు ముదిరేకొద్దీ జనం పెరిగారు. ఒక్క పడవ రెండు విడతలైంది. ఒక విడతలో నొమికోస్ ఒకసారి దిగితే సరిపోయేది కాదు. మొదట రాయి పట్టుకుని ఊపిరి బిగించి తాతల పద్ధతిలో ఒక మునక. తర్వాత గొట్టంతో ఇంకోటి. కెమెరాలో రీలు మార్చుకుంటూ చూడనివాళ్ళ కోసం మరోటి. ఒకావిడ అద్దాలు జారిపోతే వాటికోసం ఒకటి. దిగడం, గబగబా పైకి రావడం, స్పాంజి ఎత్తి నవ్వడం, మళ్ళీ దిగడం. పైకొచ్చాక కూర్చునే పనే లేదు. పిల్లలు చేతులు పట్టుకుంటారు, ఆడవాళ్ళు పక్కన నిలబడి ఫోటో అంటారు.

జూలై చివర్లో ఒక పొద్దున భుజం నొప్పన్నాడు. అడ్డంగా పడుకున్నావన్నాను. ద్రాక్ష సారా రాసి మర్దన చేశాను, తగ్గింది. ఇంకోసారి ఒళ్ళంతా దురదన్నాడు. ఉప్పుకి, ఎండకి అనుకున్నాం. నాన్న కూడా "పదిహేను బారలకి ముక్కుతావేంట్రా" అని ఆటపట్టించాడు. నొమికోస్ సిగ్గుపడి మళ్ళీ ఆ మాటెత్తలేదు. నలభై బారల మగాళ్ళ ఊరు మాది. పదిహేనుని ఎన్నిసార్లు దిగినా పదిహేనే అనుకున్నాం. దీవిలో ఎవర్నడిగినా అదే చెప్పేవాళ్ళు.

ఆగస్టు నడిమధ్య మరియమాత పండగ రోజు. పొద్దున పూజకెళ్ళి అతనికి ఇస్త్రీ చొక్కా ఇచ్చి పంపాను. రెండు విడతల్లోనూ పడవ నిండా జనం. పొడి ఉత్తరగాలి లేచి నీళ్ళు కలతగా ఉన్నాయని, పైకి స్పాంజి సరిగ్గా కనబడట్లేదని మళ్ళీ మళ్ళీ దిగాడట. గాలి మూలంగా ఆలస్యమై, రెండో విడత నుంచి పడవ రేవుకి తాకేసరికి ఫిడేలువాడు అప్పటికే తీగలు సవరిస్తున్నాడు. నొమికోస్ తడి ఒంటి మీదే తెల్లచొక్కా తొడుక్కుని, నన్ను చూసి కన్ను గీటి, కర్ర అందుకుని వరస ముందు నిలబడ్డాడు.

ఆట బాగా మొదలైంది. జనం చుట్టూ మూగారు. ఐస్‌క్రీములు, టోపీలు, కెమెరాలు. కాలు వణికింది, చప్పట్లు కొట్టారు. పడబోయాడు, పక్కవాడు పట్టుకున్నాడు, ఇంకా గట్టిగా కొట్టారు. నేను నాన్న కుర్చీ పక్కన నిలబడి గర్వంగానే చూస్తున్నాను. ఎందుకు దాచాలి, అతను ఆడుతుంటే నాకు ఎప్పుడూ గర్వమే.

నాన్న చేతిలో పూసలు ఆగాయి.

ఆయన సముద్రం వైపే చూస్తున్నాడు. తల కాస్త పక్కకి వంచాడు. కర్ర కొస రాతినేల మీద తగులుతున్న చప్పుడు వింటున్నాడని నాకు కాసేపటికి గానీ తెలియలేదు.

"లీనా. పాట ఆపించు."

"ఏం నాన్నా?"

"వాడు తాళంలో లేడు."

నేను చూశాను. ఫిడేలు ఒక దారిలో పోతోంది, నొమికోస్ కాలు ఇంకో దారిలో కొట్టుకుంటోంది. ఫిడేలువాడు అతని కోసం వేగం తగ్గించాడు, కాలు తగ్గలేదు. కర్ర విసిరేసే చోటొచ్చింది. నొమికోస్ ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం జనంలో నన్ను వెతుకుతున్నాయి. కర్ర విసరలేదు. రెండు చేతులతో దాన్ని పట్టుకుని మెల్లగా కిందకి జారాడు. జనం ఈలలేశారు. అంత చక్కటి ముగింపు వాళ్ళెక్కడా చూసి ఉండరు.

ఆ తర్వాత అంతా గబగబా జరిగింది. నాన్న అంత వేగంగా నడవగలడని నాకు తెలియదు. అల్లుడి చొక్కా జేబులోంచి సిగరెట్ తీసి, వెలిగించి, పెదాల మధ్య పెట్టాడు.

"రుచి తెలుస్తోందా?"

నొమికోస్ తల అడ్డంగా ఊపాడు. "మావా, నడుము కింద ఎవరిదో ఒళ్ళులా ఉంది."

"పడవెక్కించండి! స్తమాతిస్, వీణ్ణి మళ్ళీ దించాలి. ఇప్పుడే!"

అలాంటివాళ్ళకి గాలి ఒత్తిడి పెట్టి వైద్యం చేసే ఇనప గది పెద్ద ఊరి ఆసుపత్రిలో ఉంది. అక్కడికి చేరాలంటే తెల్లారిపోతుంది. మాకు తెలిసింది పాత పద్ధతే. పట్టినవాణ్ణి అదే లోతుకి దించి, మళ్ళీ మెల్లగా, ప్రాణం విసిగిపోయేంత మెల్లగా పైకి తేవాలి. స్తమాతిస్ ముఖం పాలిపోయింది. అయినా నలుగురి సాయంతో నొమికోస్‌ని పడవలోకి మోశాడు. ఇంతలో ఒక జంట కెమెరాలు సర్దుకుంటూ పడవెక్కే పలకమీదకి ఎక్కబోయారు. ఇంకో మునక ఉందనుకున్నారు పాపం. స్తమాతిస్ వాళ్ళని రెండు చేతులతో వెనక్కి నెట్టాడు. అతను యాత్రికుల మీద చెయ్యి వేయడం అదొక్కసారే చూశాను.

నొమికోస్ నడుముకి తాడు కట్టి, ఇంకొకణ్ణి తోడిచ్చి దింపారు. గొట్టంలోకి గాలి కొట్టే మిషను దడదడలాడుతోంది. తాడు నాన్న చేతిలో ఉంది.

"నాకియ్యి," అన్నాను.

"నీకు చేతకాదు."

"చెప్పు, చేతనవుతుంది."

నాన్న నన్ను చూసి తాడు నా చేతిలో పెట్టాడు. "ఒక్కసారి లాగితే బాగున్నావా అని. అటునుంచి ఒక్కసారి లాగితే బాగున్నానని. ఊరికే లాగకు, విసుక్కుంటాడు."

లాగాను. చాలాసేపు ఏం రాలేదు. తర్వాత నా వేళ్ళకి సన్నగా తగిలింది. బాగున్నాడు. పొద్దు కొండ మీదకి దిగేదాకా అలా అడుగుతూ, జవాబు వింటూ కూర్చున్నాను. మా కాపురంలో అంత జాగ్రత్తగా మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. నా పక్కన నాన్న సముద్రాన్ని కాదు, నా చేతుల్ని చూస్తున్నాడు.

"బట్టలుతికే లోతన్నాను," అన్నాడు ఒకసారి. నేను తాడు లాగి జవాబు కోసం ఆగాను. 

గాలి మిషనుకి చమురు అయిపోవచ్చేసరికి పైకి తెచ్చారు. కుడికాలు కదిలింది. ఎడమది కదల్లేదు. తెల్లారి ఓడ మీద పెద్ద ఊరికి తీసుకెళ్ళాం. ఆ ఇనప గదిలో చాలా రోజులుంచారు, అందరూ తమ చేతనైనంతా చేశారు. వెనక్కి వచ్చేటప్పుడు ఓడ మెట్ల మీద నుంచి నొమికోస్‌ని మోసుకుని దింపారు. నేను వెలిగించిన కొవ్వొత్తులన్నీ గుర్తొచ్చాయి. ఒళ్ళు మండింది. ఆ చలికాలమంతా మఠం గడప తొక్కలేదు.

ఆ చలికాలం మా ఇంట్లో రెండు కర్రల చప్పుడు. పక్కగదిలో ఒకటి, వసారాలో ఒకటి. కళ్ళు మూసుకుని ఏది ఎవరిదో చెప్పగలిగేదాన్ని. నాన్నది తాళంలో పడుతుంది, అలవాటైపోయింది కదా. నొమికోస్‌ది ఇంకా ఎక్కడ పడాలో తెలియక వెతుక్కుంటున్నట్టుండేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని బ్యాక్‌గామన్ ఆడేవారు, పాచికల మాట తప్ప వేరే మాట ఉండేది కాదు. నొమికోస్ నవ్వడం మానేశాడు. ఫిడేలు వినబడితే లేచి కిటికీ మూసేవాడు.

ఈస్టరు వెళ్ళింది. స్తమాతిస్ తేనె మిఠాయిల పెట్టె పట్టుకుని వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీకు చెప్పడానికి నోరు రావట్లేదు చెల్లెమ్మా," అని నాతో మొదలెట్టాడు. "పోయినేడు వచ్చినవాళ్ళు వెళ్ళి వాళ్ళవాళ్ళకి చెప్పుకున్నారట. రాగానే అడుగుతున్నారు, ఆ కుంటుతూ ఆడే మనిషి ఏడని."

"చెప్పలేకపోయావా ఏడో?"

"చెప్తే నమ్మట్లేదు."

నేను మిఠాయిల పెట్టె తీసి అతని చేతుల్లోకి తోశాను. "వెళ్ళు స్తమాతిస్. నీ మొహం చూస్తే నా నోటికి మంచి మాటలు రావు."

"మునక లేదు, ఏం లేదు. ఊరికే నిలబడితే చాలు..."

"వెళ్ళమన్నానా!"

వసారాలోంచి నొమికోస్ అన్నాడు, "నాలుగింటికేనా?"

నేను తిరిగి చూశాను. అతను మమ్మల్ని చూడట్లేదు, తన కాళ్ళని చూసుకుంటున్నాడు.

"నీకు పిచ్చా?" అన్నాను. "వాళ్ళు నవ్వుకోవడానికి నువ్వు..."

"నవ్వరు లీనా, చప్పట్లు కొడతారు." కర్ర చేతిలోకి తీసుకున్నాడు. "పొద్దుటినుంచి రాత్రిదాకా ఈ కుర్చీలో ఉంటున్నాను. ఫిడేలు వినబడితే కిటికీ మూస్తున్నాను. రోజులో ఒక్కసారి నన్ను వరస ముందు నిలబడనివ్వు. తెల్లచొక్కా ఎక్కడుంది?"

నాన్న ఏదైనా అంటాడని చూశాను. ఆయన తన గదిలోకి వెళ్ళి, తన పాత కర్ర తెచ్చాడు. చేతిపిడి అరిగి నున్నబడిన ఆలివ్ కర్ర. అల్లుడి చేతిలోని కర్ర తీసేసుకుని అది పెట్టాడు.

"అది రాతినేల మీద జారుతుంది. ఇది పట్టుకో. చేస్తే సరిగ్గా చెయ్యి."

చొక్కా నేనే ఇస్త్రీ చేశాను. కాలర్ రెండుసార్లు మాడబోయింది.

రేవులో బోర్డుకి కొత్త రంగు వేశారు. మఠం, గుహ, వేడినీటి ఊట అన్నీ ఉన్నాయి. కింది గీతలో ఒక్క మాట కొత్తగా చేరింది. 'నిజమైన' గజ ఈతగాడి ఆట, నాలుగు గంటలకి.

వరసలో పక్కవాడు ఎప్పటికన్నా గట్టిగా నొమికోస్ భుజం పట్టుకున్నాడు. ఫిడేలు మొదలైంది. నాన్న తన కుర్చీని నేల మీద ఈడ్చి, సముద్రానికి వీపు పెట్టి, ఆట వైపు తిప్పుకుని కూర్చున్నాడు. నొమికోస్ అడుగు వేశాడు. కుడికాలు వణికింది. జనం ఊపిరి బిగబట్టి, తర్వాత ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. అతని ముఖంలో చలికాలమంతా చూడని వెలుగు ఒకటి కనబడింది. అది చూసి నేను సంతోషించాలో నేలలోకి కుంగిపోవాలో తెలియలేదు. రెండూ జరిగాయి.

ఫిడేలు వేగం అందుకుంది. కర్ర విసిరేసే చోటొచ్చింది. కెమెరాలన్నీ పైకి లేచాయి. నొమికోస్ వేళ్ళు ఆలివ్ పిడి మీద తెల్లబడ్డాయి. ఫిడేలువాడు నాన్న వైపు చూశాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు. ఫిడేలువాడు ఆ చోటు దాటకుండా మళ్ళీ పాట మొదటికి వెళ్ళిపోయాడు.

నా పక్కన గడ్డి టోపీ పెట్టుకున్నావిడ కళ్ళు తుడుచుకుంది. వాళ్ళ భాష నాకూ కొంచెం పట్టుబడింది అప్పటికి.

"ఎంత బాగా నటిస్తున్నాడో! ఎవరు నేర్పారు?"

"మా నాన్న."

"అబ్బ!" అని అటు చూసి నాన్నకి కూడా ఒక ఫోటో తీసుకుంది. పడవ కూత వేసింది. జనం సంచులు సర్దుకుని కదిలారు. ఆవిడ మాత్రం వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, "చివర్లో కర్ర విసిరేస్తాడని చెప్పారే, అది ఎప్పుడు?" అని అడిగింది.

"అది మీరు వెళ్ళాక," అన్నాను.